కుప్పంలో ఇత్తడి జాయింటు

మా నాయన, పెదనాయన మాటలు మానుకున్నప్పటి నుంచీ ఇద్దరి మాటలూ మోసే పని నాది. పెద్దవాళ్ళకు పడకపోతే మా వైపు అంతే. ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉంటుంది. అయినా మధ్యలో ఇంటి పిల్లను నిలబెట్టి "వానికి చెప్పు" అంటారు. నలుగురిలో నోరు తెరవలేని నన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, నేను సొంతంగా ఒక్క మాటా కలపనని కాబోలు.

భాగాలు పంచుకున్నప్పుడు పుంగనూరులోని శనక్కాయల నూనె మిల్లు మా నాయనకు, కుప్పంలోది పెదనాయనకు వచ్చాయి. మాకు ఒక జత ప్రెస్సులు, వాళ్ళకు రెండు జతలు. పగ అక్కడే మొదలైంది. పంపు నీళ్ళను గట్టి వత్తిడితో గొట్టంలోకి తోస్తుంది. ఆ వత్తిడికి ప్రెస్సు బిగిసి గింజల్లో నూనె పిండుతుంది. ఒకే గొట్టాన్ని జతలో ఈ ప్రెస్సుకూ ఆ ప్రెస్సుకూ తిప్పాలి కాబట్టి మలుపులో జతకొక ఇత్తడి జాయింటు ఉంటుంది. గొట్టం తిరగాలి, చుక్క నీరు కారకూడదు. యుద్ధం జరుగుతున్న ఒక ఏడు మా జాయింటు పగిలింది. కుప్పం మిల్లు అప్పటికే మూతపడి ఉంది.

మా ఆవరణ నిండా పెద్దపంజాణి, గంగవరం రైతుల కాయలు. మబ్బు పట్టింది. తడిస్తే బూజు పడతాయి. రైతులు గేటు దగ్గర బండ్లు నిలిపి, "ఆడిస్తే ఆడించు, లేకుంటే మా కాయలు మాకు పారెయ్" అని అరిచేవాళ్ళు. ఆ కాయలు వెనక్కి పోతే మా మిల్లుకూ తాళమే.

ముందు మదనపల్లెకు పోయాము. జాయింటు మీది ఇంగ్లీషు అక్షరాలు చదివి చెప్పడానికి నాయన నన్ను వెంట తీసుకుపోయాడు. ఇనుప సామాన్ల అంగడి ఆయన పగిలిన ముక్కను ముట్టుకోనైనా లేదు.

"ఏమప్పా, యుద్ధం మీ పుంగనూరికి ఇంగా రాలేదా? ఇత్తడంతా గుండ్లకు పోతాంటే నీకు జాయింటు యాడనించి తెచ్చేది?"

"పాతదైనా సరే," అన్నాడు నాయన.

"పాతవి మీ అన్న దగ్గర ఉండాయి గదా. ఈడికి యాల వచ్చినావు?"

అంగట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. చదివించాల్సిన అక్షరాలను నాయన గుడ్డలో చుట్టేసి సంచిలో పడేశాడు.

మరుసటి రోజు పెట్రోలు కరువుకు బొగ్గు మీద నడిచే బస్సులో కుప్పం పోయాము. నా సంచిలో పుస్తకం ఉంది. కానీ నాయన ఆ మొహంతో పక్కన కూర్చుంటే పేజీ చప్పుడు కూడా తప్పనిపించింది.

పెదనాయన మంచం మీద కూర్చొని ఆకువక్క నములుతున్నాడు. మమ్మల్ని కూర్చోమనలేదు.

"ఏమ్మే, మీ నాయనకు ఈ ఇంటి దావ తెలిసిందా?"

నేను నాయన వైపు తిరిగాను. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "తెలిసింది. మిల్లు మూతబడినోళ్ళ ఇల్లు యాడంటే అందరూ సూపించినారని సెప్పు."

 నేను చెప్పే అవసరం లేకపోయింది. పెదనాయన మెడ నరాలు ఉబ్బాయి.

"నీళ్ళు తెచ్చేదా?" అని లోపలి నుంచి పెద్దమ్మ అడిగింది.

"తాగే వచ్చినారులే," అన్నాడు పెదనాయన.

జాయింటు కావాలట అని నేను నేలకేసి చూస్తూ చెప్పాను.

"అడిగేవోడు మూగోడా? నోటితో అడగమను, ఇస్తా."

నాయన వాకిలి వైపు చూశాడు. చినుకులు మొదలయ్యాయి. పుంగనూరులో కాయల మీద కప్పడానికి చాలినన్ని టార్పాలిన్ పట్టాలు లేవు.

"అన్నా, జాయింటు ఇయ్యి," అన్నాడు.

ఆ పిలుపు ఆయన నోట వినడం నాకు అదే మొదలు. పెదనాయన తీరిగ్గా ఉమ్మి వచ్చి, "ఏమే, అది తే," అన్నాడు.

పెద్దమ్మ దేవుని గూట్లో నుంచి జాయింటు తెచ్చింది. కుంకుమ బొట్టు పెట్టి ఉంది. బంగారంలా మెరుస్తోంది.

"మిల్లు నిలిపినప్పుడు ఒకటి పీకి ఇంట్లో పెట్టుకుంటిమి. ఏటేటా ఆయుధపూజకు చింతపండు, ఇటికపొడి పెట్టి నేనే తోముతాండాను. లోపల గూడా! మీ ఇంట్లో ఇట్ల సూసుకొనుంటే పగిలేదా?"

నాయన లోపలికి వేలు పెట్టి తడిమాడు. తిరిగే చోట అద్దంలా నున్నగా ఉండాల్సిన లోహం ఇటికపొడికి గీతలు పడి అరిగిపోయింది. వత్తిడి పెడితే నీళ్ళు ఆ గీతల్లోంచే చిమ్ముతాయి.

"సెప్పమ్మా," అన్నాడు నాతో. "చెంబుకు బదులు పెట్టుకోమను. అట్లయినా కారతాది."

"శుద్ధం తెలీని మనుషులు!" అంది పెద్దమ్మ.

పెదనాయన దాన్ని లాక్కొని తనూ వేలు పెట్టాడు. మిల్లు నడిపిన మనిషి. చాలాసేపు వేలు తీయలేదు. తర్వాత పెద్దమ్మను చూసిన చూపుకు ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

"రెండోది?" అని నాయన నన్ను అడిగాడు.

"అది మిషన్లోనే ఉండాది. అదీ పోతే నా మిల్లు ఇంగ తెరిసేది లేదని సెప్పు."

 అయినా పెదనాయన దిండు కింది నుంచి తాళంచెవి తీసి నా కాళ్ళ ముందు విసిరాడు.

"నోటితో అడిగితే ఇస్తానంటి గదా. ఇయ్యకుంటే నా నోరు కంపు. పీక్కొని పొమ్మను. మళ్ళా ఈ గడప తొక్కొద్దను."

"తొక్కనని సెప్పు," అన్నాడు నాయన.

రెండో జాయింటు గ్రీజుతో నల్లగా, బూజు పట్టి ఉంది, లోపల మాత్రం ఒక్క గీత లేదు. మమ్మల్ని కాపాడింది ఆ మురికే. పై కాయలు కొన్ని తడిసి పాడయ్యాయి. మిగతావన్నీ ఆడాయి. కుప్పం మిల్లు మళ్ళీ తెరవలేదు, అన్నదమ్ములూ మాట్లాడుకోలేదు.

ఆ ఏడు ఆయుధపూజకు పెద్దమ్మ బస్సు డ్రైవరు చేత కబురు పంపింది: "ఇంటి జాయింటును నల్లగా పెట్టుకోని ఉండారంట. తోమను చేతగాకుంటే సెప్పమను, నేనొస్తా."

కూలీల ఆడవాళ్ళు చింతపండు, ఇటికపొడి పట్టుకొని మిల్లులోకి రాగానే నాయన నన్ను పిలిచాడు. పూజ అయ్యేదాకా జాయింటు పక్కన స్టూలు వేసుకొని కాపలా కూర్చోమన్నాడు. నేను పుస్తకం తెచ్చుకున్నాను.