మోటరుకు కప్పిన గొంగడి

చెమ్మగిల్లిన గొంగడి వాసన తెలుసు కదా? గొర్రె, పొగ, వాన కలిసినట్టుంటుంది. దానికి కాస్త క్లోరిన్ తోడైతే నాకు చలికాలం వచ్చినట్టే. మొన్న పంపు గది తలుపు తీయగానే అదే వాసన ముక్కుకు తగిలింది. భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఈ ఆడపిల్లల హాస్టలు బడిలో నేనిప్పుడు వ్యాయామం టీచర్ని. చిన్నప్పుడు చదివిందీ ఇక్కడే. ఆ గొంగడి మా విమల టీచరుది.

విమల టీచరుది నేలకొండపల్లి. నోరు పెద్దది. ఈల ఊదాల్సిన చోట కూడా అరిచేవారు. ఎవరి పుణ్యమో గానీ మా బడికి ఒక ఈతకొలను వచ్చింది. దాని పంపుతో పాటు వచ్చిన సూచనల్లో, చలికాలంలో లోపలి నీరు గడ్డకట్టి పంపు పగులుతుందని, ఖాళీ చేసి కప్పి ఉంచమని రాసి ఉంది. మన దగ్గర నీళ్లు గడ్డకట్టడమేమిటి, నా మొహం! టీచరు మాత్రం మార్గశిరం రాగానే పంపు అడుగున బిరడా విప్పి, చివరి చుక్క దాకా కార్చి, లోపలి జల్లెడ కడిగి ఆరబెట్టి, మోటరుకు తన సొంత గొంగడి కప్పేవారు. మేం మూతులు మూసుకుని నవ్వేవాళ్లం.

"మోటరుకు చలి పెడ్తదా టీచర్?" అని ఒకసారి నేనే అడిగాను.

"గడ్డకట్టకపోతే ఏంది? నిలిచిన నీళ్లు తుప్పు పట్టియ్యవా? పని లేనప్పుడు చూసుకోకుంటే, పని పడ్డప్పుడు పలుకుతదా అది? నవ్వింది చాలు గని, ఆ జల్లెడ పట్టు" అన్నారు.

నాకు ఆ కొలనంటే ఆశా, భయమూ. మా ఊరికీ బడికీ నడుమ ఒక వాగు. వానాకాలంలో ఇంటి నుంచి తిరిగొచ్చేటప్పుడు, నేను దాటేదాకా అమ్మ గుండె మీద చేయి వేసుకుని ఒడ్డునే నిలబడేది. "జర ఈత నేర్చుకోరాదే తల్లీ" అని బతిమాలేది. నేనేమో నీళ్లు మోకాళ్లు దాటితే వణికిపోయేదాన్ని. బడిలో నాలాంటివాళ్లే ఎక్కువ. పిల్లలు దిగని కొలనెందుకు, మట్టి పోసి పూడ్చేద్దామని పైనుంచి మాట వచ్చింది. ఎండాకాలం మొదట్లో ఒక అధికారి వచ్చి, చూసి తేలుస్తారట.

ఆ ఏడు పుష్యమాసంలో చలి ఎముకలు కొరికింది. మా వాచ్‌మన్ కన్నయ్య తాత వాళ్ల ఇంట్లో, చలి ముదిరితే ముసలివాళ్ల మంచం పక్కన నిప్పుల కుంపటి పెడతారు. "మోటరు పైలం తాతా, చలి!" అని టీచరు రోజూ అరుస్తుంటే విన్నాడు కదా, ఒక్క గొంగడి ఏం చాలుతుందిలే అనుకుని పొద్దున్నే మోటరు పక్కన కుంపటి పెట్టాడు పాపం. మేం ప్రార్థనకు లేచే వేళకు ప్లాస్టిక్ పైపు ఉడికిన పొట్లకాయలా వేలాడుతోంది. గొంగడి అంచు కాలింది. తాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇవాళ ఆయనకు మూడిందనుకున్నాం.

టీచరు పైపును చూశారు, తాతను చూశారు, పగలబడి నవ్వారు.

"తిట్టున్రి మేడం" అన్నాడు తాత.

"నిన్నెందుకు తిట్టాలె? చలి చలి అని మొత్తుకున్నది నేనే. ఇంతమందిల నా మాట చెవికెక్కించుకున్నది నువ్వొక్కనివే!"

ఆ వంకర పైపునే చంకలో పెట్టుకుని బస్సెక్కి భద్రాచలం పోయి, అలాంటిదే కొత్తది తెచ్చి, తాత చేతే బిగించారు.

ఎండాకాలంలో అధికారి వచ్చారు. మీట నొక్కగానే మోటరు ఒకసారి దగ్గి, చక్కగా ఎత్తుకుంది. నవ్విన నాపచేనే పండిందన్నమాట. ఆయన మాత్రం గట్టు మీద బిగుసుకుని నిలబడ్డ మమ్మల్ని చూసి, "మోటరు మంచిగనే ఉంది మేడం, దిగేటోళ్లేరి?" అన్నారు. ఎవరూ కదల్లేదు. టీచరు కట్టుబట్టలతోనే నీళ్లలోకి దిగి నా వైపు చేయి చాపారు. ఆ గొంతు అంత నెమ్మదిగా పలకగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

"రా బిడ్డా. మోటరునే చలికి వదల్లే. నిన్ను నీళ్లకు వదుల్తనా?"

దిగాను. ముక్కులోకి నీళ్లు పోయాయి, ఏడ్చాను, ఆమె మెడ మీద గోళ్లు దించాను. వదల్లేదు మహాతల్లి. నా వెనక ఇంకో పిల్ల దిగింది, దాని వెనక మరొకతె. కొలను నిలిచింది. ఆ వేసవంతా నీళ్లలోనే నానాను. తర్వాతి వానాకాలంలో అమ్మ వాగు ఒడ్డున నిలబడడం మానలేదు గానీ, గుండె మీద చేయి వేసుకోవడం మానేసింది.

నేను ఇక్కడే టీచరుగా చేరిన ఏడాది ఆమె రిటైరయ్యారు. వెళ్లేముందు గొంగడి మడిచి నా చేతిలో పెట్టి, "ఇది నాది కాదు, మోటరుది" అన్నారు. పోయిన ఏడు ఆమె కాలం చేశారు. కబురు తెలిసిన రోజు పంపు గదిలో కూర్చుని తనివితీరా ఏడ్చాను.

మొన్న ఆ గొంగడి ఎండలో ఆరబెట్టి మోటరుకు కప్పుతుంటే, కొత్తగా చేరిన పిల్ల ఒకతె గుమ్మంలోకి వచ్చింది. కొలను దగ్గరికి రమ్మంటే నాలుగడుగులు వెనక్కి వేసే పిల్ల.

"మోటరుకు చలి పెడ్తదా మేడం?"

"పెట్టకున్నా కప్పుతం. మోటరునే చలికి వదల్లే" అన్నాను.

మిగతా సగం మాట ఎండాకాలానికి దాచుకున్నాను. నేను నీళ్లలో నిలబడి చేయి చాపినప్పుడు ఆ పిల్లకు చెప్పాలి.