సలాం మాస్టారి కరెక్ట్

పొద్దు వాలితే మచిలీపట్నం ఇనుగుదురుపేటలో సలాం మాస్టారి ఇల్లెక్కడని ఎవరినీ అడగాల్సిన పనుండేది కాదు. అరుపులు ఎటు వినపడితే అటు వెళ్తే చాలు. ముందు గదిలో చాప మీద పిల్లలు, గోడకి నల్లబల్ల, దాని ముందు చిరచిరలాడుతూ మాస్టారు. ఆయన ఒక ఇంగ్లీషు మాట విసిరితే, దాని వెంట నడిచే చిన్న మాటని పిల్లలు అందుకోవాలి. "ఇంట్రెస్ట్" అంటే "ఇన్" అనాలి. "డిమాండ్" అంటే "ఫర్". "ఎఫెక్ట్" అంటే "ఆన్". అలాగే ఎందుకని అడిగినవాడి పని ఆ పూటకి అయిపోయినట్టే.

"ఎందుకేంట్రా? మీ మావయ్య మీ అత్తయ్యనే ఎందుకు చేసుకున్నాడని అడిగావా ఎప్పుడైనా? కలిసి ఉంటున్నారు, అంతే! ఏది దేని వెంట నడుస్తుందో చెవులు పెట్టుకుని విను."

ఆయనా అలాగే విన్నారు. రేడియోలో ఇంగ్లీషు వార్తలు, క్రికెట్ కామెంటరీ నడుస్తుండగా కొత్త జత చెవిన పడిందంటే, అన్నం ముందు నుంచి లేచి వెళ్లి బల్ల మీద రాసి వచ్చేవారు. ఆయన భార్య ఆమినా బీ కంచం మీద మూత పెట్టి గొణుక్కునేది. ఆమె చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. అయినా వంటింట్లోకి వినపడి వినపడి ఆ జతలన్నీ ఆమెకి నోటికొచ్చేశాయి.

మాస్టారు కోపిష్టి. ఆ సంగతి దాచిపెట్టడం ఎందుకు? పిల్లలు సరిగ్గా చెప్తే మెచ్చుకునేవారు కాదు, తర్వాతి మాటకి వెళ్లిపోయేవారు. ఆయన చేత "కరెక్ట్" అనిపించుకున్నవాడు ఆ రోజు బజారంతా చెప్పుకు తిరిగేవాడు. తప్పు చెప్తే మాత్రం ఊరుకునేవారు కాదు. ఎదుటి మనిషిని తప్పుతో ఇంటికి పంపిస్తే ఆయనకి అన్నం సయించదు. ఆ అరుపుల్లో ఉన్నది ప్రేమేనని ఆమినా బీకి తెలుసు. పైకి మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

పోయిన వానాకాలం పాఠం మధ్యలో ఆయన చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. నోరు వంకర పోయింది, కుడి పక్క చచ్చుబడింది. గుడివాడ తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి నర్సు సుమతి ఆయన శిష్యురాలే. నాగాయలంకలో సముద్రం మీదికి వేటకెళ్లే వాళ్ల అమ్మాయి, బందరులో చదువుకునే రోజుల్లో ఈ చాప మీదే కూర్చుని తిట్లు తిన్నది. కన్నకూతురిలా కనిపెట్టుకుని చూసింది. మాస్టారు బతికారు. కర్ర ఊతంతో నాలుగడుగులు వేస్తున్నారు కూడా. మాటల్లో మాత్రం ఒక్కటే మిగిలింది.

"కరెక్ట్."

అంత పిసినారిగా దాచుకున్న మాటే ఎందుకు మిగిలిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. అన్నం తింటారా అంటే కరెక్ట్. ఫ్యాను ఆపెయ్యనా అంటే కరెక్ట్. కరెంటు పోయిందండీ అన్నా కరెక్టే. చూడవచ్చిన వాళ్లు, "పోనీలెండి, మాస్టారు మెత్తబడ్డారు, ఎంత శాంతంగా ఉన్నారో!" అనేవారు. ఆమినా బీకి ఒళ్లు మండిపోయేది. మనిషి ఎదురుగా కూర్చునే కనపడకుండా పోతే, దాన్ని శాంతమంటారా ఎవరైనా?

అలవాటైన మాటలు వినిపిస్తూ ఉండమని డాక్టరు చెప్పాడు. అందుకని ఆమినా బీ రోజూ పాఠాల వేళకి ఆయన్ని నల్లబల్ల పక్కన కూర్చోబెట్టి, తనే జతలు అప్పజెప్పేది. "ఇంట్రెస్ట్ ఇన్." ఆయన తల ఊపి "కరెక్ట్" అనేవారు. "రీజన్ ఫర్." "కరెక్ట్." అన్నీ ఒప్పులే చెప్పేది, కాబట్టి ఆయన జవాబూ ఒప్పే అయ్యేది. ఆ కాసేపూ మాస్టారు మాస్టారిలాగే ఉండేవారు. ఆ కాసేపటి కోసమే ఆమె రోజంతా బతికేది.

సెలవు మీద నాగాయలంక వెళ్తూ సుమతి మధ్యలో బందరులో దిగి వచ్చింది. ఆ పాఠం చూస్తూ చాప మీద కూర్చుంది.

"ఆంటీ, ఒక్కసారి తప్పు చెప్పి చూడండి. మాస్టారు పట్టుకున్నారంటే లోపల అన్నీ తెలుస్తున్నట్టేనండీ."

"వద్దమ్మా."

"అదేంటండీ?"

"పట్టుకోకపోతే?"

కానీ ఆ మాట ఒకసారి బయటికొచ్చాక ఆమినా బీకి ఇంక కుదురు లేదు. కుర్చీ ముందుకు లాక్కుని ఆయన ముఖంలోకి చూసింది. ఆయనకి అన్నిటికన్నా మండిపోయే తప్పేదో ఆమెకి తెలుసు. నా మీద కోపం అనాలంటే మన పిల్లలందరూ ఆ 'మీద'ని పట్టుకెళ్లి ఇంగ్లీషులో 'ఎట్' ఉండాల్సిన చోట 'ఆన్'గా పెట్టేస్తారు. ఆ తప్పు విన్నప్పుడల్లా మాస్టారు ఇల్లెగరగొట్టేసేవారు.

"యాంగర్ ఆన్ మీ," అంది ఆమినా బీ.

మాస్టారి కనుబొమలు దగ్గరికొచ్చాయి. పెదవి కదిలింది. సుమతి చాప మీద నుంచి సగం లేచింది. అరవండి, వీధి వీధంతా వినపడేలా అరవండి అని ఆమినా బీ లోలోపల మొక్కుకుంది.

కనుబొమలు మళ్లీ విడిపోయాయి. మాస్టారు నవ్వి, తల ఊపారు.

"కరెక్ట్."

ఆమె కుర్చీలోంచి జారి ఆయన మోకాళ్లు పట్టేసుకుంది.

"కాదండీ! తప్పు చెప్పానండీ. తప్పు! ఒక్కసారి తిట్టండి నన్ను. ఏమీ అనుకోను, తిట్టండి."

ఆమె ఏడుస్తోందని మాత్రం ఆయనకి తెలిసింది. ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి, ఆమె కొంగు అందుకుని చెంపలు తుడవబోయారు. ఆ చేతికి అలవాటు లేక కొంగు జారిపోయింది. ఒట్టి అరచేత్తోనే తుడిచారు.

"కరెక్ట్," అన్నారు, చంటిపిల్లని ఊరుకోబెడుతున్నట్టు. "కరెక్ట్, కరెక్ట్."

ఆమినా బీ ఆ అరచేతిని ముఖానికి అదుముకుని, కాదండీ, కాదండీ అంటూనే ఉంది.