బొప్పాయి తోటలో నేను కనిపెట్టిన పురుగు

పురుగుల బారి నుంచి పంటలను కాపాడిన శాస్త్రజ్ఞుల గురించి మీరు వినే ఉంటారు. పంట బారి నుంచి పురుగును కాపాడినవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పుడు వరంగల్‌లో కీటకశాస్త్రం చదువుతున్నాను. కొత్తగా పెళ్లయింది. వర్ధన్నపేట దగ్గరి అత్తగారి ఊరికి వెళ్లగానే మామ నన్ను తన బొప్పాయి తోటకు తీసుకెళ్లాడు. కొన్ని ఆకుల కింద దూది అంటించినట్టు పిండినల్లి. పత్తికి పట్టేదీ ఇదీ పైచూపుకు ఒకటే, పిండిగిర్నీలో పనిచేసే అన్నదమ్ముల్లాగా. రకం తేల్చాకే మందు చెబుతానని గంభీరంగా ప్రకటించి, కొన్నింటిని స్పిరిట్ సీసాలో వేశాను.

మర్నాటికి అవి నీలినలుపుకు తిరిగాయి. పత్తి పిండినల్లి స్పిరిట్‌లో అలా నల్లబడగా నేనెన్నడూ చూడలేదు. నేను చూడనిది లోకంలోనే లేదనుకునే వయసు. కొత్త జాతి అని తేల్చేసి, మా ఆవిడ రజిత పేరు పెడతానన్నాను. మామ పొంగిపోయాడు.

"మరి మందు కొట్టాల్నా, వద్దా అల్లుడా?"

"వద్దు మామా. ఇంకెక్కడా లేని పురుగు. మా సారు చూసేదాక ముట్టొద్దు."

మామ ముట్టలేదు. పక్క చేను వాళ్లు మందు పంపు తెచ్చిస్తే, మా బిడ్డ పేరున్న పురుగని చెప్పి తిప్పి పంపాడట. పురుగు మాత్రం ఎలాంటి మొహమాటమూ లేకుండా చెట్టు నుంచి చెట్టుకు పాకింది.

ఊరెళ్లిన మా సారు తిరిగొచ్చాక సీసా ఆయన ముందు పెట్టాను. ఆయన మూత కూడా తియ్యలేదు.

"బొప్పాయి పిండినల్లి. స్పిరిట్ల ఏస్తె నల్లగైతది. దగ్గరి రకాల నుంచి దీన్ని గుర్తువట్టేదే అట్ల. క్లాసుల చెప్పిన గద, నువ్వు రాలేదా?"

రాలేదు. ఆ రోజు రజితను చూడటానికి పెళ్లిచూపులకు వెళ్లాను.

పరుగున ఊరికి వెళ్లేసరికి తోటంతా సున్నం కొట్టినట్టుంది. ఉన్న సంగతి చెప్పాను. మామ తాను తిప్పి పంపిన మందు పంపు కోసం పక్క చేనుకు నడిచాడు. రజిత నావైపు తిరిగింది.

"నా పేరైతే దీనికి వద్దు. నీదే పెట్టుకో."

ఊరు ఆ పని చేసింది. ఇప్పుడు అక్కడి రైతు ఎవరైనా మందుల దుకాణానికి వెళ్లి "అల్లుని పురుగు తగిలింది, మందియ్యి" అంటే, దుకాణదారు మారు ప్రశ్న లేకుండా సీసా తీసిస్తాడు.

కనుక సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట అత్తగారి ఊళ్లో నా చాయ్‌లో పురుగు పడినా సరే, దాని జాతి అడగను. కళ్లు మూసుకుని తాగేస్తాను.