నెల్లిమర్ల బ్రాంచి ఫోన్ ఎవరు ఎత్తారు?

దెయ్యాలూ భూతాలూ అని ఎవరైనా మొదలెడితే నాకు ఒళ్లు మండేది. బతికున్నవాళ్లు పెట్టే బాధలు చాలవా అనేదాన్ని. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నాను.

విజయనగరంలో వెబ్‌సైట్లు చేస్తాను. ఒక బార్ అండ్ రెస్టారెంట్ వాళ్లు పాత సైట్ తీసేసి కొత్తది చేయమన్నారు. మా జిల్లాలోనూ పక్క జిల్లాలోనూ వాళ్లకి బ్రాంచీలున్నాయి. నెల్లిమర్ల బ్రాంచిలో తాగి తాగి మా బావ లివర్ పాడై చనిపోయాడు. పని ఒప్పుకోనా అని అక్కనే అడిగాను.

"నువ్వు మానీస్తే తాగీవోళ్లు మానీస్తారేటి? సెయ్యి," అంది.

బావ పోయాక రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ బ్రాంచి కొట్టేశారు. పాత సైట్‌లో మాత్రం దాని ల్యాండ్‌లైన్ నంబరు అలాగే ఉండిపోయింది.

బావ బతికుండగా సాయంత్రమైతే అక్క ఆ నంబరుకే చేసేది. తన సెల్ ఎత్తేవాడు కాదు మరి. కౌంటర్లో మనిషి ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడట, ఇప్పుడే లేచాడు, వచ్చేస్తున్నాడని. అక్క కూర వేడిచేసుకుని కూర్చునేది. వచ్చేది ఎప్పుడో దేవుడికే తెలియాలి.

ఆ మధ్యాహ్నం అక్క మా ఇంట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. నేను ఫోన్ స్పీకర్లో పెట్టి, పాత సైట్‌లో నంబర్లన్నీ పనిచేస్తున్నాయో లేదో చూస్తున్నాను. నెల్లిమర్లది కలవదని తెలుసు. అయినా నొక్కాను.

రింగయింది. ఎత్తారు. వెనక గ్లాసుల చప్పుడు, టీవీలో క్రికెట్. నేనింకా హలో అనలేదు.

"రామునాయుడు గారింటి నుంచేనా? ఇప్పుడే లెగిసాడమ్మా. వచ్చేస్తన్నాడు."

పెట్టేశారు.

రామునాయుడు మా బావ.

అక్క లేచింది. నావైపు చూడకుండా వంటింట్లోకెళ్లి పొయ్యి వెలిగించి, కూర గిన్నె పెట్టింది. నేను వెళ్లేసరికి గరిట పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"సచ్చిపోయి కూడా నన్ను ఎదురుసూడమంటన్నాడేటే?"

ఏడవలేదు. పొయ్యి నేనే ఆపాను.

మళ్లీ చేస్తే ఆ నంబరు ఉపయోగంలో లేదని రికార్డింగు వచ్చింది. ఎన్నిసార్లు చేసినా అంతే.

ఫొటోల కోసం నరసన్నపేట బ్రాంచికి వెళ్తే, కౌంటర్లో అదే గొంతు! ఇంతకుముందు నెల్లిమర్లలో ఉండేవాడట. సంగతి చెబితే తెల్లబోయాడు. బిల్డింగు కొట్టకముందే ఆ లైన్ పీకించేశారన్నాడు. తల దించుకుని, "ఆ మాట ఇంటోళ్లందరికీ సెప్పీవోణ్ణమ్మా. మా ఓనరు అలాగే సెప్పమనీవోడు. నిజంగా లెగిసినోడు ఒక్కడూ లేడు," అన్నాడు.

అక్కకి చెప్పాను.

"నాకు తెల్దేటే? తెలిసే సేసీదాన్ని. వచ్చేస్తన్నాడని ఎవులో ఒకలు అంటే సాలనిపించీది."

పాత సైట్‌లోంచి ఆ నంబరున్న పేజీ తీసేశాను. కొత్త సైట్ చాలా బాగుందని వాళ్లు తెగ మెచ్చుకున్నారు.

తెలిసినాయన ఒకరు క్రాస్ కనెక్షన్ అయ్యుంటుందన్నాడు. మరి బావ పేరు ఎలా చెప్పారు? ఆ కాల్ కలిసినట్టు నా ఫోన్లో ఇంకా ఉంది. ఎత్తిందెవరో ఇప్పటికీ తెలీదు. ఎవరైతేనేం, మనిషి పోయాక కూడా మా అక్కకి అదే అబద్ధం చెప్పారు.