కాలిపోయిన సెట్టు, కేసెట్టు రెండో వైపు

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే నాకు ఒళ్ళు మండేది. "యాడుండాదో సూపించప్పా, టెస్టర్ పెట్టి సూస్తా" అని వాళ్ళ నోరు మూయించేవాణ్ణి. కుప్పంలో పుట్టి, మదనపల్లెలో రేడియో రిపేరు షాపు పెట్టుకున్నవాణ్ణి. కరెంటు లేనిదే సౌండు రాదు. నాకు తెలిసిందల్లా అదే.

ఇది ఎనభైల్లో మాట. ఒక మధ్యాహ్నం పుంగనూరు నుంచి రెడ్డెప్ప అనే టాక్సీ డ్రైవరు వచ్చి నా షాపు ముందు కారు ఆపాడు. వెనక సీట్లో వాళ్ళమ్మ ఎల్లమ్మ. ఆమెకు చెవుడు. చిన్న కొడుకు శీనప్ప కువైట్ పనికి పోయి, జ్వరం వచ్చి అక్కడే చచ్చిపోయాడు. అప్పట్లో కువైట్ పోయినవాళ్ళు చాలామంది ఉత్తరాలు రాసేవాళ్ళు కాదు, కేసెట్టులో మాట్లాడి పంపేవాళ్ళు. శీనప్ప చివరి కేసెట్టు, అతను పోయిన కబురు వచ్చాక చేరింది.

వాళ్ళింట్లో టేపురికార్డరు లేదు. కారుతో పాటు కంపెనీ బిగించి ఇచ్చిన టేపు సెట్టే దిక్కు. దాని సౌండు ఆ తల్లి చెవికి అందడం లేదు. నా షాపులో గట్టిగా వినిపిస్తానన్నాను.

"ఒకరోజుతో పొయ్యేది కాదప్పా. దినామూ వినాలంట. నా పానం తీస్తాండాది. ఆంప్లిఫైయరు తగిలించు" అన్నాడు రెడ్డెప్ప. అంటూ నా మొహం కూడా చూడలేదు.

కంపెనీ సెట్టులో ఆంప్లిఫైయరు కోసం వేరే వైరు ఉండదు. స్పీకర్లకు పోయే వైర్ల నుంచే సౌండు తీసుకుని, రెసిస్టెన్సులు వేసి తగ్గించి ఇవ్వాలి. అదంతా పద్ధతిగానే చేశాను. కానీ కారులో మైనస్ అంటే బాడీకి కలిపేయడం మాకు అలవాటు. లైటైనా, హారనైనా అంతే. ఆ సెట్టు స్పీకరు వైర్లలో దేన్నీ బాడీకి తగిలించకూడదు. నేను చూసుకోకుండా తగిలించాను. రెడ్డెప్ప కేసెట్టు మొదటి వైపు పెట్టి స్విచ్చి వేయగానే గుప్పున పొగ వచ్చింది.

పరిగెత్తి బ్యాటరీ వైరు పీకేశాను. నా బుద్ధి తగలబడ, ఆ తల్లికి ఏమని చెప్పేది? రెడ్డెప్ప తిడతాడనుకుంటే, గండం గడిచినట్టు ఊపిరి వదిలాడు.

ఎల్లమ్మ మాత్రం స్పీకరుకు చెవి ఆనించి "ఊఁ... ఊఁ" అంటోంది.

"సెట్టు కాలిపాయమ్మా!" అని అరిచాను.

"గమ్మునుండప్పా, శీనప్ప మాట్లాడతాండాడు."

మాకేమీ వినిపించలేదు. బ్యాటరీ వైరు ఇంకా నా చేతిలోనే ఉంది.

"రూము కిటికీలో పావురం గుడ్లు పెట్టిందంట. అది బెదురుతాదని కిటికీ మూయకుండా పండుకుంటాండాడంట" అని ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "అన్నను ఏమీ అనొద్దు మా, ఉండమన్నది నా బాగు కోసరమే అంటాండాడు." కొడుకు వైపు తిరిగింది. "నువ్వేం సేసినావు రెడ్డెప్పా?"

రెడ్డెప్ప మొహంలో నెత్తుటి చుక్క లేదు. నన్ను షాపులోకి లాక్కుపోయాడు. ఒంట్లో బాగాలేదు, వచ్చేస్తానని తమ్ముడు అడిగితే, ఇంకో ఏడాది ఉండమని తనే చెప్పాడట. ఈ కారు కొనడానికి. కేసెట్టు మొదటి వైపు "యాల ఉండమంటివన్నా" అన్న మాట రాగానే భయపడి ఆపేశాడట. రెండో వైపు విననే లేదట. తల్లికి ఒక్క ముక్కా చెప్పలేదట. "పావురం సంగతి నాకే తెలీదప్పా" అన్నాడు.

కేసెట్టు తెచ్చి రెండో వైపు నా టేపురికార్డరులో పెట్టాను. పావురం, గుడ్లు, మూయని కిటికీ. ఆ తర్వాత "అన్నను ఏమీ అనొద్దు మా". ఆమె చెప్పిన మాటలే, అదే వరసలో. సాయంత్రం ఆ స్పీకరు కూడా విప్పి చూశాను, లోపల కాయిల్ తెగిపోయి ఉంది.

రెడ్డెప్ప పోయి తల్లి కాళ్ళు పట్టుకున్నాడు. చెవిటి తల్లికి తప్పు చెప్పుకోవాలంటే అరవాలి కదా. బజారంతా నిలబడి చూస్తుంటే గొంతు చించుకుని అరిచాడు.

"నేనే ఉండమంటినమ్మా! కారు కోసరం నేనే ఉండమంటి!"

ఎల్లమ్మ అతని తల ఒళ్ళోకి లాక్కుంది. "యాల అరుస్తాండావురా, వినపడతాండాదిలే" అంది.

చచ్చిపోయిన కొడుకు మాట ఆమె ఎలా విందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. బతికున్న కొడుకు మాట నిజంగా వినే అలా అందో, అతని అరుపు ఆపడానికే అందో, అదీ తెలియదు.