చెమట చేతులకు సేజ్ నూనె: నాగర్‌కర్నూల్ నుంచి గద్వాలకు ఒక అత్యవసర యాత్ర

ఈ ప్రయాణానికి కారణం మా చిన్నమ్మ అరచేతులు. ఆమె గద్వాలలో గుంత మగ్గం మీద చీరలు నేస్తుంది. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. చెమటను నూలు క్షమిస్తుంది, పట్టు క్షమించదు. ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఆమె చేతులకు చెమట ఆగడం లేదట. కొంగు మీద ఒకచోట మరక పడిందని, ఇంకోటి పడితే ఈ పెళ్ళి చీరను ఎవరూ తీసుకోరని ఆమె ఫోన్లో మా అమ్మతో చెప్తుంటే పక్కనే కూర్చుని విన్నాను. నేను డిగ్రీ చదివినవాడిని, పైగా ఆ రోజు నెట్ ఇంకా మిగిలున్నవాడిని. ఊరుకుంటానా?

పది నిమిషాలు ఘోర పరిశోధన చేశాను. సేజ్ అనే ఆకు ఒకటుంది. తులసికి, పుదీనాకు దూరపు చుట్టం. బయటి దేశాల్లో కూరల్లో వాసనకు వేస్తారు, గొంతు నొప్పికి నీళ్ళలో కాచి పుక్కిలిస్తారు, చెమట తగ్గాలని కషాయం తాగే అలవాటూ పాతదే. అక్కడితో చదవడం ఆపేసి, సేజ్ నూనె సీసా ఒకటి చిన్నమ్మ ఇంటికి, ఎండుటాకు పొట్లం ఒకటి మా ఇంటికి ఆర్డరు పెట్టాను. సీసా అందిన సాయంత్రం ఫోన్ చేసి, "రేపు నేనొచ్చి చూపిస్త. ఆగలేకుంటే పొద్దుగాల చాయ్‌ల రెండు చుక్కలేస్కో" అని చెప్పాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. మర్నాడు సగం రోజు నేను దాన్ని వెనక్కి తీసుకోవడానికే తిరిగాను.

నాగర్‌కర్నూల్‌లో పొద్దున ఆరున్నరకు వనపర్తి బస్సెక్కాను. గంటంబావు ప్రయాణం, టికెట్ వందలోపే. మన బస్సుల్లో ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్ లేదు, మగవాళ్ళకు సీటు లేదు. బిజినేపల్లి దాకా డ్రైవర్ వెనకాల కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. నా సంచీలోని ఎండుటాకు పొట్లం నుంచి వస్తున్న వాసన ఏందని ఆయన అడిగాడు. ఔషధమని గంభీరంగా చెప్పాను. "మేక తింటదా దాన్ని?" అన్నాడు. తెలియదన్నాను. మేక వాసన చూసి వదిలేసిన ఆకును మనిషి కూడా జర ఆలోచించి తినాలని వాళ్ళ నాయన చెప్పేవాడట. బస్సులో చాలామంది నవ్వారు. నేను నవ్వలేదు, శాస్త్రం తెలిసినవాడిని కదా.

వనపర్తిలో బస్సు మారాలి. స్టాండు దగ్గరే నా ఇంటర్ దోస్తు నర్సింహకు మందుల దుకాణం ఉంది, వాడు ఫార్మసీ చదివాడు. ఇడ్లీ తింటూ నా ఘనకార్యం వివరించాను. మెచ్చుకుంటాడనుకుంటే, "చిన్నమ్మ ఇంకేమన్న గోలీలు వేస్కుంటదా?" అని అడిగాడు.

"ఫిట్స్‌వి. చిన్నప్పటి సంది."

వాడు ఇడ్లీ ప్లేటు కింద పెట్టాడు. అప్పుడు తెలిసింది నేను చదవని మిగతా సగం. సేజ్ నూనెలో థుజోన్ అనే పదార్థం ఉంటుంది, కడుపులోకి పోతే అదే ఫిట్స్ తెప్పించగలదు. కూరలో నాలుగు ఆకులు వేరు, బోలెడు ఆకుల సారం చుక్కల్లోకి దిగిన నూనె వేరు. దాన్ని ఎవరూ తాగకూడదు, ఫిట్స్ ఉన్నవాళ్ళు అసలు దగ్గరికే రానీయకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా దూరంగా ఉండాలి. షుగర్ మందులు వాడేవాళ్ళు ఆకు కషాయం తాగాలన్నా డాక్టర్‌ను అడగాలి. వేరే నూనెలో పలచన చేయకుండా ఒంటికి రాస్తే కొందరికి మంట, దద్దుర్లు. ఇంతా చేసి, చెమట తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం కూడా లేదట.

అప్పుడు టైము ఎనిమిదీ పది. చిన్నమ్మకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఏడింటికి మగ్గంలో దిగితే ఆమె ఫోన్ వంటింటి గూట్లోనే ఉంటుంది. బాబాయి చీరలు ఇవ్వడానికి హైదరాబాద్ పోయాడు. ఇంట్లో ఆమె ఒక్కతే.

ఎనిమిదిన్నరకు గద్వాల బస్సు దొరికింది. పెబ్బేరులో సంత రోజు. రోడ్డు మీద ఎడ్లు, గొర్రెలు, వాటిని దింపే డీసీఎం వ్యాన్లు. అరగంట కదల్లేదు. ఇంకెంతసేపని కండక్టర్‌ను మూడోసారి అడిగితే, "నీకు అర్జెంటని ఎద్దుకు తెల్వదు గదనె" అన్నాడు. న్యాయమే. బీచుపల్లి దగ్గర కృష్ణ బాగుంటుందని అందరూ రాస్తారు. బాగుండే ఉంటుంది, నేను వంతెన దాటినంతసేపూ ఫోన్ తెరనే చూశాను. ఎర్రవల్లి చౌరస్తాలో తిరిగి గద్వాల చేరేసరికి పదిన్నర దాటింది. స్టాండు నుంచి ఆటోకు యాభై రూపాయలు, బేరం ఆడలేదు.

వీధి మలుపులోనే చిన్నమ్మ మగ్గం చప్పుడు వినిపించింది. అంత మంచి చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

"చాయ్ తాగినవా చిన్నమ్మా?"

"వస్తనే చాయా? కూసో, పెడ్త."

"నాకు గాదు. నీ చాయ్‌ల ఆ నూనె ఏసుకున్నవా?"

ఆమె వాకిలి వైపు గడ్డంతో చూపించింది. సీసా బయట గోడ మీద, సీలు తీయకుండా ఉంది. "మగ్గంల దిగేటోళ్ళు నూనె సీసా ముడ్తరా బిడ్డా? పట్టు మీద చుక్క పడితే కొంగు పాయె. తలకు గుడ మగ్గం మీంచి చీర దించినంకనే పెట్టుకుంట. ఎల్లుండి దించుత, అప్పుడు తాగుదామనుకున్న."

ఎల్లుండి. గుంత అంచున కూలబడి జరిగిందంతా చెప్పాను. ఆమె పోగు విసిరే నాడె పక్కన పెట్టి విన్నది.

"నాకు ఫిట్సున్నయని నీకు తెల్వదా?"

"తెలుసు."

"మరి?"

నేను లేచి, గోడ మీది సీసా తెచ్చి నా సంచీలో వేసుకున్నాను.

ఆమె నన్ను తిట్టలేదు, బొరుగుల ఉగ్గాని పెట్టింది. తింటుంటే ఇంకో సంగతి బయటపడింది. నెలనెలా ఫిట్స్ గోలీలు రాసే దవాఖాన డాక్టర్‌కు ఆమె ఈ చెమట గురించి ఒక్కసారి కూడా చెప్పలేదు. చేతుల చెమట కూడా రోగమేనా అని ఊరుకుందట. ఎల్లుండి చీర దించాక ఇద్దరం పోదామని ఒప్పించాను. అందాకా పొడి నూలుగుడ్డ ఒళ్ళో పెట్టుకుని, కొంగు పనంతా ఎండ ఎక్కకముందే నేస్తానంది. నేను ఆ రెండు రోజులూ అక్కడే ఉన్నాను. కొంగు మీద రెండో మరక పడలేదు. మొదటిది మాత్రం వెతికితే కనిపిస్తుంది. చీర దించిన రోజే ఇద్దరం దవాఖానకు పోయి, డాక్టర్‌కు చెమట సంగతి చెప్పి వచ్చాం.

సేజ్ ఆకు వృథా కాలేదు. నర్సింహను ఫోన్లో అడిగి, నాలుగు ఆకులు కాచి పుక్కిలించాను. ఎత్తని ఫోనును బతిమాలీ బతిమాలీ నా గొంతే బొంగురుపోయింది మరి. నిజంగానే కాస్త హాయిగా ఉంది. ఆకు మంచిదే. దాన్ని ఎవరికి ఇస్తున్నానో అడగకుండా ఇచ్చిన చేయే మంచిది కాదు. అటు చిన్నమ్మ నూనె గురించి ఏమీ చదవలేదు. తన పట్టుకు ఏది పడదో ఆమెకు తెలుసు, ఆ జాగ్రత్తే ఆమెను కాపాడింది. నేను కాదు.

ఈ దారిన గద్వాల పోయేవాళ్ళకు ఒక్క సూచన: చుట్టాలకు ఏ మూలికా నూనె పట్టుకుపోదలచుకున్నా, కొనకముందే వాళ్ళు వేసుకునే గోలీల ఫొటో తెప్పించుకుని మందుల దుకాణంలో చూపించండి. వనపర్తి స్టాండులో బస్సు మారేలోపు అయిపోయే పని.