అక్కలు ఎత్తుకుపోని పిల్ల

ఇప్పటి కలరా ఉండల్లో ఘాటు లేదు. పెట్టెలో వేసిన నెలకే కరిగిపోతున్నాయి. పురుగులు మాత్రం కులాసాగా ఉంటున్నాయి. మొన్న మార్చుదామని పెట్టె తెరిస్తే, అడుగున ఎర్ర అంచు పచ్చ పరికిణీ బయటపడింది. నాలుగు మడతలు కుట్టి విప్పిన సూది గుర్తులు ఇంకా ఉన్నాయి.

తెల్లదొరల కాలపు గిద్దలూరులో మా నాయనకు బట్టల దుకాణం. కొత్త తానుల గంజి వాసన, వంటింట్లో వేగే వేరుశనక్కాయల వాసన, స్టేషను వైపు నుంచి వచ్చే బొగ్గు పొగ కలిస్తే మా ఇల్లు. నా ఏడో ఏట ఉగాదికి నాయన ఆ పరికిణీ కుట్టించాడు. బొబ్బట్టు నెయ్యి మరక పడకుండా, కూర్చుంటే నలుగుతుందని నిలబడే తిని, ఒక్క పూట కట్టుకున్నాను. మర్నాటికి అది పొడవు తగ్గేలా నాలుగు మడతలు కుట్టించుకుని నా మూడేళ్ళ తమ్ముడి నడుముకు చేరింది.

కారణం లేకపోలేదు. వాడికి ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలూ పురిట్లోనే పోయారు. సగిలేటి ఒడ్డున తిరిగే అక్కదేవతలే ఎత్తుకుపోయారని మా అవ్వ తేల్చింది. వాళ్ళ కళ్ళు కప్పడానికి వీడికి ముక్కు కుట్టించి, జడ వేసి, చిట్టెమ్మా అని పిలిచేవాళ్ళు. వాడు నిద్రపోతుంటే అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. నా ముక్కు దగ్గర ఎప్పుడూ పెట్టలేదు.

రైలు దారి చూసే దొరగారి భార్య ఐర్లండు మనిషి. ఒకరోజు పరదా గుడ్డకు దుకాణానికి వచ్చింది. వీణ్ణి చూసి నవ్వుతుందని, మావాళ్ళు సిగ్గుపడి పరికిణీ నాకిచ్చేస్తారని ఆశపడ్డాను. ఆమె నవ్వలేదు. "మా ఊరు కూడా ఇంతే. మగపిల్లకి లంగా. లేదంటే మంచివాళ్ళు ఎత్తుకుపోతారు," అంది. కంటికి కనబడని ఆ జాతిని అక్కడ భయంతో మంచివాళ్ళు అంటారట.

"చూసినావా! దొరల దేశంలో గూడా అక్కలుండారు," అని అవ్వ పొంగిపోయింది. నా దావా రెండు దేశాల్లోనూ కొట్టేశారు.

"ఆడపిల్లల్ని ఎత్తుకపోరా?" అని అడిగాను.

"పెళ్ళికూతురైతే ఎత్తుకుపోతారు," అంది దొరసాని. నాకు అంత ఓపిక లేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మామ కొడుకు చొక్కా, నిక్కరు తొడుక్కుని, జడ తువ్వాలులో దాచి, ఏటి ఇసుకలో కూర్చున్నాను. నేను పోతే అమ్మ ఎట్లా ఏడుస్తుందో వివరంగా ఊహించుకున్నాను. కాళ్ళు కాలాయి తప్ప ఎవరూ రాలేదు. ఇంటికి వచ్చేసరికి అమ్మ తమ్ముడి తల దువ్వుతోంది.

"ఏందే ఈ ఏసం? పోయి కాళ్ళు కడుక్కో," అంది అవ్వ.

వాడు ఏడాదికో మడత విప్పించుకుంటూ పెరిగాడు. ఏడేళ్ళు నిండి గండం గడిచిందని వాడికి చొక్కా తొడిగేనాటికి, ఆ పరికిణీ నాకు మోకాళ్ళు దాటలేదు.

ఇప్పుడు సగిలేటి ఇసుక లారీల్లో పోతోంది. అక్కలు ఎటు పోయారో అడిగేవాళ్ళు లేరు. మగపిల్లలకు ముక్కులు కుట్టేవాళ్ళూ లేరు. నిన్న తమ్ముడు వచ్చాడు. జుట్టంతా నెరిసినా ముక్కున చిల్లు మాత్రం పూడలేదు. మంచం మీది పరికిణీని తీసి, అంచు తడిమి చూశాడు.

"ఇది నాది గదక్కా, నీ పెట్టెలో ఎందుకుంది?" అన్నాడు.